ఒళ్లు చల్లారేదాకా

పిండి ముద్దను చేతిలోకి తీసుకుంటే చాలు, అది ఎంత తూగుతుందో ఆమె వేళ్లకు తెలిసిపోయేది. బేకరీ వెనక గదిలో పొడుగాటి చెక్కబల్ల ఉంది. దానికి ఒక చివర ఆమె నిలబడేది, ఇంకో చివర పొయ్యి నోరు తెరుచుకుని ఉండేది. రేకుతో పిండి కోసి ముద్దలు చేసి వరసగా పెడుతుంటే అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉండేవి. బల్ల కింద తూకపు మిషన్ ఒకటి ఉంది గానీ దాన్ని ఎవరూ పైకి తీసేవారు కాదు. దాని పళ్లెం నిండా పాత పిండి మంచులా పేరుకుపోయింది. అందుకే ఆ గదిలో ఆమె పేరు తూకమక్క. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి ఎవరా అని చూసేది.

ఆమె ఒళ్లు కూడా ఆ గదిలోనే పెరిగింది. విరిగిన రొట్టెలు అమ్మకానికి పనికిరావు, పారేయడానికి చేతులు రావు. వెన్న రాసుకుని టీలో ముంచుకుంటే సాయంత్రం దాకా కడుపు పేచీ పెట్టదు. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు, పొయ్యి ఆరిన రోజున చేసుకుందామనుకున్నానని, అది ఆరనే లేదని చెప్పేది. తన లావు గురించి ఆమెకు బెంగ లేదు. తమ్ముడు మైదా బస్తా అని పిలిచేవాడు. ఆ బస్తా లేకపోతే నీకు బువ్వ ఎక్కడిదిరా అని ఆమె అనేది. అందులో అబద్ధం లేదు. అమ్మ పోయినప్పుడు వాడు నిక్కర్లు వేసుకునే వయసులో ఉన్నాడు. వాణ్ణి స్కూలుకు పంపి, డ్రైవింగ్ నేర్పించి, సిటీ బస్సు ఎక్కించి, ఒక ఇంటివాణ్ణి చేసింది ఆమే.

ఆ తమ్ముడికి జబ్బు చేసింది. మొదట కళ్లలో పసుపు దిగింది. తర్వాత కాళ్లు ఎండుకట్టెలయ్యాయి, పొట్ట మాత్రం ఉబ్బింది. తాగుడుండేదా అని ప్రతివాళ్లూ అడిగారు. తాగుడు లేదు, పాడు లేదు, ఎప్పుడో వచ్చిన కామెర్లు లోలోపల కాపురం పెట్టాయని డాక్టర్లు అన్నారు. ఒకరోజు వాడు రోజూ తిరిగే దారిలో, రోజూ తిరిగే మలుపు దగ్గర బస్సు ఆపేసి, ఎటు తిప్పాలో గుర్తురాక స్టీరింగ్ పట్టుకుని కూర్చుండిపోయాడు. ప్రయాణికులు ముందు తిట్టారు. తర్వాత వాడి మొహం చూసి, కుడివైపు బాబూ, కుడివైపు అని మెల్లగా దారి చెప్పారు. 

కాలేయం పాడైంది, అది వడకట్టాల్సిన విషం తలకెక్కుతోంది, బతికున్న మనిషి ఎవరైనా తన కాలేయంలో కొంత ముక్క ఇస్తే వాడు నిలబడతాడు అన్నారు. మరదలు ముందుకొచ్చింది గానీ ఆమె రక్తం కలవలేదు. అక్క రక్తం కలిసింది. ఆ రోజు ఆస్పత్రి మెట్లు దిగుతుంటే తూకమక్క మనసు గాల్లో తేలిపోయింది. ఆ తర్వాత స్కానింగ్ గదిలో చల్లటి జెల్లు రాసి, పొట్ట మీద ఒక పరికరం తిప్పారు. తెర మీద తన కాలేయం తెల్లగా, తెల్లారుజామున కమ్ముకున్న పొగమంచులా మెరిసింది. అంత తెల్లగా ఉంటే మంచిదే అనుకుంది. అదంతా కొవ్వు అని డాక్టరు చెప్పాడు. ఇంత కొవ్వు పట్టిన ముక్క వాడికి పనికిరాదు, తీస్తే మీకూ ప్రమాదమే, తగ్గించుకుని రండి, కానీ త్వరగా రండి అన్నాడు. ఆ చివరి మాటే ఆమె చెవుల్లో ఉండిపోయింది.

ఆస్పత్రిలో ఆహారం సంగతి చూసే అమ్మాయి ఒకతి ఉంది. కళ్లజోడు తల మీదకు తోసుకుని మాట్లాడుతుంది. వెన్న, చక్కెర, మైదా మానేయాలంది. రోజూ నడవాలి, బరువులు ఎత్తాలి, మొత్తం మీద తిండి తగ్గించాలి, కానీ వ్యాయామం అయ్యాక మాత్రం ఆలస్యం చేయకుండా గుడ్లో, పెరుగో, ఉడికించిన గింజలో తినాలంది. తూకమక్క అన్నింటికీ తలూపింది. తగ్గించాలి అన్న మాట సూటిగా లోపలికి పోయింది. మిగతాదంతా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

టైర్ల కొట్టు పై అంతస్తులో ఒక జిమ్ ఉంది. పొద్దున పూట ఆడవాళ్లకు. తూకమక్క అందులో చేరింది. కిటికీలోంచి కొత్త రబ్బరు వాసన వచ్చేది. తన ఈడువాళ్లు ఒక్కరూ లేరు. అందరూ సన్నటి అమ్మాయిలే. వాళ్లు ఇంకా ఏం తగ్గించుకోవడానికి వచ్చారో ఆమెకు అర్థమయ్యేది కాదు. మొదట్లో ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడేది. ఆ అమ్మాయిలు చెమట తుడుచుకోకుండానే సీసాల్లో ఏదో పొడి కలిపి, గలగలా ఊపి గటగటా తాగేవారు. ఆమెకు ఆ చప్పుడు వింటే భయం వేసేది. ఇంత కష్టపడి కరిగించినదాన్ని అక్కడికక్కడే మళ్లీ లోపల పోసుకుంటున్నారే అనిపించేది.

ఆమెకు తెలిసిన లోకం పొయ్యి. ఏ పిండైనా వేడి మీద పెడితేనే పొంగుతుంది. చల్లారిన పొయ్యిలో పెట్టిన ముద్ద పెట్టినట్టే పడి ఉంటుంది. వ్యాయామం చేసిన ఒళ్లు సెగలు కక్కుతుంటే అందులో గుడ్డు వేస్తే ఏమవుతుంది? ఉబ్బి, రెట్టింపై, తిన్నగా పోయి ఆ తెల్లటి పొగమంచులో కలుస్తుంది. ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరినీ అడగనూ లేదు. తెల్లవారితే సూర్యుడు వస్తాడా అని ఎవరైనా అడుగుతారా? ఒళ్లు చల్లారాక తినాలి, అంతే.

అందుకని జిమ్ మెట్లు దిగుతూ అరచేతిని తిప్పి మెడ మీద ఆనించుకునేది. ఇంకా వేడి. బస్టాపులో మళ్లీ ఆనించుకునేది. ఇంకా కొంచెం ఉంది. మెడ చల్లబడేసరికి బేకరీ వచ్చేది. లోపలికి అడుగు పెడితే పొయ్యి ఎదురుగా నిలబడి ఒళ్లు మళ్లీ కాగేది. ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా మూత తీయకుండానే సాయంత్రం తిరిగి వెళ్లేది. ఇంట్లో నాలుగు ఉడికిన కూరముక్కలు తిని పడుకునేది. ఆకలి మొదట్లో గొడవ చేసింది. కొన్నాళ్లకు తలుపు కొట్టి కొట్టి విసుగొచ్చి వెళ్లిపోయిన మనిషిలా మాయమైంది. అది మంచి గుర్తే అనుకుందామె.

పొద్దున్నే మరదలు ఫోన్ చేసేది. తిన్నావా వదినా అని అడిగితే తిన్నాననేది. ఏం తిన్నావంటే, ఆ కళ్లజోడు పిల్ల చెప్పిందే అనేది. ఆ అబద్ధం ఆమెకు అబద్ధంలా అనిపించలేదు. తినబోయేదాన్ని కొంచెం ముందుగా చెప్తున్నట్టు ఉండేది.

జాకెట్లు వదులయ్యాయి. చెక్కిళ్లు లోపలికి పోయాయి. బేకరీ ముందు కౌంటర్లో కూర్చునే అమ్మాయి, ఏం చేస్తున్నావో నాకూ చెప్పవా అని చెవి కొరికింది. తమ్ముడు పరుపు మీద వెనక్కి వాలి ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"బస్తాకి చిల్లు పడిందేంటక్కా," అన్నాడు.

ఆమె నవ్వింది. వాడూ నవ్వాడు. నవ్వినప్పుడు వాడి కళ్లలో పసుపు ఇంకా చిక్కబడినట్టు కనిపించింది. ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది. ఇంకా తగ్గాలి, ఇంకా త్వరగా తగ్గాలి అనుకుంటూ ఆ రోజు బస్సెక్కకుండా ఇంటిదాకా నడిచింది. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఒక్కో దీపం చుట్టూ తెల్లటి కాంతి వలయం ఉబ్బుతున్నట్టు తోచి, తల తిప్పుకుని నడిచింది.

ముందుగా మోసం చేసింది చేతులే. ఒక మధ్యాహ్నం పళ్లెంలోని రొట్టెలు కొన్ని పొంగి పక్కవాటి మీద పడ్డాయి, కొన్ని మరుగుజ్జుల్లా ఉండిపోయాయి. పొయ్యి దగ్గరుండే ముసలి మేస్త్రి వాటిని చూశాడు, ఆమెను చూశాడు. వంగి బల్ల కిందనుంచి తూకపు మిషన్ తీసి, పళ్లెం మీది పిండిని గుడ్డతో తుడిచి ఆమె పక్కన పెట్టాడు. ఎవరైనా చెంప మీద కొట్టినా అంత సిగ్గేసేది కాదు. ముద్ద చేతిలోకి తీసుకుంటే బరువు తెలియడం లేదు. వేళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉన్నాయి.

మర్నాడు పళ్లేలు అందిస్తుండగా కళ్లు బైర్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి మైదా బస్తాలకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం నిండా పిండి. మేస్త్రి గ్లాసులో చక్కెర నీళ్లు కలిపి నోటి దగ్గర పెట్టాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

"ఇప్పుడొద్దు మేస్త్రీ. ఒళ్లు ఇంకా వేడిగా ఉంది."

ఏంటి తల్లీ ఆ మాట అంటే, తను ఇన్నాళ్లూ ఎలా చేస్తోందో, ఎందుకు చేస్తోందో మొత్తం చెప్పింది. మేస్త్రి ముక్కు గోక్కుంటూ ఆలోచించాడు. పొయ్యి వైపు చూశాడు. జీవితమంతా పొయ్యి ముందు గడిపిన మనిషికి అందులో తప్పెక్కడుందో చప్పున దొరకలేదు. "అదీ నిజమే కదా," అన్నాడు. మళ్లీ కాసేపటికి, "అయినా తాగు. నువ్వు పడిపోతే నా రొట్టెలు మాడిపోతాయి," అన్నాడు. ఆమె తాగింది. తాగి, ఇంటికెళ్లి, ఆ తీపికి బదులుగా రాత్రి కూరముక్కలు కూడా మానేసింది.

మళ్లీ స్కానింగ్ రోజు వచ్చింది. తెర మీద పొగమంచు విడిపోయి లోపలి దారులు కనిపిస్తున్నాయి. కొవ్వు బాగా తగ్గింది, ఇంత తగ్గుతుందనుకోలేదు అన్నాడు డాక్టరు. ఆ మాట చెవిన పడగానే ఆమె బల్ల మీదే కళ్లు మూసుకుంది. కానీ పరీక్షలు అంతటితో అయిపోలేదు. రక్తం తీసుకున్నారు. ఇంకో గదిలో చేతి బలం కొలిచే పిడి ఒకటి ఇచ్చి గట్టిగా నొక్కమన్నారు. ఏళ్ల తరబడి పిండి పిసికిన చెయ్యి అది. ఆమె పళ్లు బిగబట్టి నొక్కింది. దాని మీది ముల్లు కొంచెం కదిలి, అలిసిపోయినట్టు ఆగిపోయింది. నర్సు మళ్లీ నొక్కమంది. మళ్లీ అంతే.

డాక్టరు ఈసారి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. కొవ్వుతో పాటు కండ కూడా పోయింది, రక్తంలో ఉండాల్సిన బలం లేదు, ఈ ఒంటిని కోస్తే గాయం మానదు, ఆపరేషన్ ఆపాలి అన్నాడు.  ఎన్నాళ్లు అని పక్కనున్న మరదలు అడిగింది. కోలుకునేదాకా అన్నాడు. తమ్ముడికి అంత వ్యవధి ఉందా అని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న గదిలో నాలుగో మనిషిలా కూర్చునే ఉంది.

వరండాలో మరదలు గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె నెమ్మది మనిషి. పెళ్లయినప్పటినుంచి వదిన ముందు గొంతు పెంచి ఎరగదు. ఇప్పుడూ పెంచలేదు.

"రోజూ తిన్నానన్నావు వదినా," అంది. "నేను ఆయనకి రోజూ చెప్పాను, అక్క తింటోందని. ఆ మాట మీదే ఆయన ఓపిక పట్టాడు."

 తూకమక్క ఆస్పత్రి నేల మీద బిళ్లల మధ్య గీతలు చూస్తూ నిలబడింది. కన్నతల్లిలా పెంచినవాణ్ణి తన చేతులతో తనే అంచుకు నెట్టానా అనుకుంది. అక్కడే బెంచీ మీద కూలబడింది.

తూకమక్క కళ్లజోడు పిల్ల ముందు కూర్చుని ఈసారి అన్నీ చెప్పింది. పొయ్యి గురించీ, మెడ మీద చెయ్యి గురించీ. ఆ పిల్ల నవ్వలేదు, కోప్పడలేదు. ఒళ్లు పొయ్యి కాదమ్మా అంది. బరువులు ఎత్తినప్పుడు కండ లోపల్లోపల చిరుగుతుంది, ఆ చిరుగు కుట్టుకోవడానికి వెంటనే సరుకు అడుగుతుంది, మీరు ఇవ్వకపోతే ఇంకోచోట నుంచి లాక్కుంటుంది, మీ కాళ్లూ చేతులూ అలాగే ఖాళీ అయ్యాయి అంది.

"తింటే ఆ తెలుపు మళ్లీ వస్తుందేమో?" అని అడిగింది తూకమక్క.

"మేం చెప్పినంతే తింటే రాకూడదు."

"రాకూడదా, రాదా?"

ఆ పిల్ల కళ్లజోడు కిందికి దించుకుంది. "పరీక్ష చేసి చూసేదాకా నేనూ గట్టిగా చెప్పలేనమ్మా," అంది.

 రాదు అని ఉంటే తూకమక్క కళ్లు మూసుకుని తినేది. ఇప్పుడు తినకపోతే తమ్ముడు పోతాడు. తింటే, ఆ తిన్నది దారి తప్పితే, అప్పుడూ పోతాడు.

మర్నాడు జిమ్ మెట్ల మీద మరదలు కూర్చుని ఉంది. ఒళ్లో డబ్బా. చెమటలు కక్కుతూ దిగుతున్న వదినకు మూత తీసి ఇచ్చింది. రెండు ఉడికిన గుడ్లు, గిన్నెడు పెరుగు, ఒక అరటిపండు. తూకమక్క చెయ్యి అలవాటుగా మెడ వైపు పోయింది. మెడ నిప్పులా ఉంది. మరదలు చూస్తూ కూర్చుంది. గుడ్డు కొరికితే నోట్లో ఇసుకలా తిరిగింది, గొంతు దిగలేదు. ప్రతి ముద్దా లోపలికి జారుతుంటే, ఎక్కడో చీకట్లో ఆ తెలుపు ఒక్కో అంగుళం పాకుతున్నట్టు కళ్లకు కట్టింది. కింద కొట్టులో టైరులోకి గాలి పడుతున్నారు. బుస్సుమనే ఆ శబ్దం ఆగేదాకా ఆమె నమలడం ఆపేసింది. చివరికి అంతా తింది. మరదలు ఖాళీ డబ్బా తిప్పి చూసి, మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

రోజూ అదే తంతు. పైమెట్టు మీద ఒకరు, కిందిమెట్టు మీద ఒకరు. జిమ్ అమ్మాయిలు వాళ్ల మధ్యనుంచి ఒదిగి దిగిపోయేవారు. తమ్ముణ్ణి అప్పటికే ఆస్పత్రిలో చేర్చేశారు, పొట్టలోంచి నీరు తీస్తున్నారు. ఏది తిన్నా వాడికి వికారం. ఒకరోజు మరదలు ఫోన్‌కు వాడే చేశాడు. అక్కకివ్వు అన్నాడు. గొంతు గాలి తీసినట్టు ఉంది.

"అక్కా, ఫోన్ నోటి దగ్గర పెట్టి నమలవే. వింటాను."

"పిచ్చెక్కిందా నీకు?"

"నాకెలాగూ దిగదు. నువ్వు తింటుంటే కనీసం చప్పుడైనా వింటాను."

ఆమె పెట్టింది. నమిలింది. అటువైపు వాడు ఊపిరి తీస్తున్న శబ్దం. పచ్చి దోసకాయ ఉంటే తెచ్చుకో, గుడ్డుకి చప్పుడు రావట్లేదు అన్నాడు. మరదలు మెట్ల మీద కూర్చుని మోకాళ్లలో మొహం దాచుకుంది. నవ్విందో ఏడ్చిందో భుజాలను బట్టి చెప్పలేం. మర్నాటి నుంచి డబ్బాలో దోసకాయ ముక్కలు వచ్చాయి. వాడు రోజూ ఆ వేళకు చేసేవాడు. పెద్దగా మాటలుండేవి కావు. కరకరమని ఈ వైపు, ఊపిరి ఆ వైపు. చెవికి ఆనిన ఆ చిన్న పరికరంలో వాడు దూరంగా, నీటి అడుగున ఉన్నట్టు ఉండేవాడు.

ఒక పొద్దున ఫోన్ రాలేదు. మెట్ల మీద మరదలు లేదు. డబ్బా మాత్రం జిమ్ గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన పెట్టి ఉంది. తూకమక్క ఫోన్ చేసింది. చాలాసేపటికి మరదలు ఎత్తి, ఆయన ఎవరినీ గుర్తుపట్టడం లేదని, బస్సు ఎటు తిప్పాలి, ఎటు తిప్పాలి అని ఒకటే అడుగుతున్నాడని, డాక్టర్లు లోపలే ఉన్నారని చెప్పి పెట్టేసింది.

చెమట ఆరలేదు. ఊపిరి కుదుటపడలేదు.  ఆమెకు ముందు పుట్టిన ఆలోచన పరిగెత్తడం. ఆస్పత్రికి పరిగెత్తి వాడి చెయ్యి పట్టుకుని, కుడివైపురా నాన్నా, కుడివైపు అని చెప్పాలని. రెండు మెట్లు దిగింది కూడా. ఆగింది. వాడికి చెప్పడానికి చుట్టూ మనుషులున్నారు. ఇవ్వడానికి మాత్రం తనొక్కతే ఉంది. వెనక్కి ఎక్కి, చెప్పుల మధ్య కూర్చుని, డబ్బా మూత తీసింది. చూసేవాళ్లు లేరు, వినేవాళ్లు లేరు. కన్నీళ్లు పెరుగులో పడుతుంటే, వేడి ఒంటితో, దోసకాయ చివరి ముక్కదాకా తింది. ఒక అమ్మాయి వచ్చి, ఏమైందాంటీ అని పక్కన కూర్చుంది. నోటి నిండా ఉండటంతో తూకమక్క చెయ్యి మాత్రం ఊపింది. ఆ తర్వాతే బస్సెక్కింది.

సాయంత్రానికి మందులు పనిచేసి వాడికి తెలివి వచ్చింది. కానీ ఇంకోసారి ఇలా అయితే చెప్పలేం అన్నారు. ఆ వారమే ఆమెకు మళ్లీ పరీక్షలు పెట్టారు. జెల్లు చల్లగా తగిలింది. ఆమె తెర వైపు చూడలేదు. పైకప్పు మీద నీటి మరక ఒకటుంటే, దానికేసి చూస్తూ డాక్టరు ఊపిరిని చెవులతో పట్టుకోవడానికి ప్రయత్నించింది. ఆయన ఆ పరికరాన్ని ఒకేచోట చాలాసేపు తిప్పాడు. అంతసేపు ఎందుకు? ఏదో కనిపించిందా? 

"రాలేదు," అన్నాడాయన. "సరిపోతుంది."

పిడి నొక్కితే ముల్లు ఈసారి బద్ధకం వదిలి లేచింది. రక్తం కూడా పరవాలేదన్నారు. పరవాలేదు అన్న మాట ఇంత పెద్దదని ఆమెకు అంతవరకు తెలియదు. ఆపరేషన్ ఎల్లుండి అన్నారు. భయం తీరిపోతుందనుకుంది. అది తీరలేదు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారింది. ఇచ్చిన ముక్క వాడి ఒంట్లో కుదురుకుంటుందా? తను మళ్లీ కళ్లు తెరుస్తుందా? సంతకాలు పెట్టమన్న చోటల్లా పెట్టింది.

ఆపరేషన్ రోజు పొద్దున ముందు ఆమెనే తీసుకెళ్లారు. మంచం చక్రాల మీద కదులుతుంటే పైన దీపాలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పారిపోతున్నాయి. నిన్న సాయంత్రం నుంచి నీళ్లు కూడా ఇవ్వలేదు. మరదలు పక్కనే నడుస్తూ మంచం కమ్మీ మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి, వంగి చెవిలో అడిగింది.

"భయంగా ఉందా వదినా?"

తూకమక్క నిజంగానే ఆలోచించింది. భయం ఉంది. కానీ దాని కిందనుంచి ఇంకేదో లేచి వస్తోంది. ఎప్పుడో వెళ్లిపోయిందనుకున్నది, కడుపులో గిలగిలా కొట్టుకుంటూ, ఇల్లు కదిలేటట్టు తలుపు బాదుతోంది.

"భయంగానే ఉంది," అంది. "దానికంటే ఆకలి ఎక్కువగా ఉంది."

మరదలు పెదవి కొరుక్కుంది. ఆపరేషన్ టోపీ కిందనుంచి వదిన నుదుటి మీదకు జారిన వెంట్రుకలను లోపలికి దోపింది. తలుపులు రెండుగా తెరుచుకున్నాయి. అక్కడిదాకానే రావాలని నర్సు చెప్పింది. మరదలి చెయ్యి కమ్మీని వదల్లేక వదిలింది.